నాలుగో పేరా

కరీంనగర్ కోర్టు ముందు రేకుల పందిరి కింద పాతికేళ్లు టైపు కొట్టిన లింగమూర్తికి మనుషుల మీద కన్నా పేరాల మీద నమ్మకం ఎక్కువ. మనుషులు పూటకో మాట మాట్లాడతారు, కాగితం మీద పడ్డ పేరా మాత్రం ఎక్కడ పెట్టింది అక్కడే ఉంటుంది అనేవాడు. టైపు మిషన్ ఉన్నంత కాలం ఆ మాట నిజమే.

ఆయన ఈ పనిలోకి కోరి రాలేదు. బోథ్ దగ్గరి పల్లె నుంచి పీయూసీ చదవడానికి కరీంనగర్ వచ్చాడు. అది 1969. తెలంగాణ కావాలని ఉద్యమం లేచి కాలేజీలు మూతపడ్డాయి. తోటివాళ్లు ఊరేగింపుల్లో తిరిగారు, లాఠీదెబ్బలు తిన్నారు, జైళ్లకూ వెళ్లారు. లింగమూర్తి పుట్టుభయస్తుడు. గదిలో ఒక్కడే కూర్చుంటే పిచ్చెక్కుతుందని పక్క సందులోని టైపింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాడు. కాలేజీ మళ్లీ తెరిచేసరికి చదువు ఆయన వేళ్లలోకి దిగిపోయింది, బుర్రలోకి ఎక్కనని మొరాయించింది. టైపు లోయర్ పాసయ్యాడు, హయ్యర్ పాసయ్యాడు, పీయూసీ తప్పాడు. ఇక ఊరికి ఏ మొహం పెట్టుకుని పోతాడు? ఒక పాత మిషన్ కొనుక్కుని కోర్టు ముందు కూర్చున్నాడు.

ఆ పనిలో ఆయన్ను మించినవాడు లేడని వకీళ్లే ఒప్పుకునేవారు. పేరా మొదట అయిదు ఖాళీలు, అయిదంటే అయిదే. ముందు అంకె, తర్వాత చుక్క. ఒక పేరా చివరి లైను ఒంటరిగా రెండో పేజీకి జారిందంటే ఆయనకు అన్నం సహించదు, పేజీ మొత్తం చించేసి మళ్లీ కొట్టేవాడు. మొగుడు తన్ని తరిమేసిన ఆడది వచ్చినా, అన్న చేతిలో పొలం పోగొట్టుకున్నవాడు వచ్చినా, వాళ్ల ఏడుపు ఒకటి, రెండు, మూడు అని వరసలో నిలబడాల్సిందే. ఆ వరసలో ఒక్క అంకె తప్పిందని ఏ జడ్జీ, ఏ వకీలూ పాతికేళ్లలో అనలేదు. ఈ సంగతి చెప్పుకోవడమంటే ఆయనకు మహా సరదా. అడగనివాళ్లకు కూడా చెప్పేవాడు.

1996లో వకీలు మధుసూదన్‌రావు తన ఆఫీసులో కంప్యూటర్ పెట్టి, లింగమూర్తిని పందిరి కింద నుంచి లేపి దాని ముందు కూర్చోబెట్టాడు. నలభై అయిదేళ్ల మనిషికి పని నేర్పడానికి నర్మద అనే అమ్మాయిని పదిహేను రోజులు పిలిపించాడు. మొదటి రోజు లింగమూర్తి ప్రతి లైను చివరా ఎంటర్ కొడుతుంటే ఆ పిల్ల నవ్వు ఆపుకోలేకపోయింది.

“సార్, లైనుకొకపారి కొట్టకుండ్రి. పేరా ఒడిసినంకనే కొట్టాలె.”

“మరి లైను అంచుకొస్తే?”

“అదే కిందికి దిగుతది సార్.”

“అంచు వచ్చిందని దానికెట్ల తెలుస్తది?”

“దానికి తెలుస్తది సార్, మీరు ఫికర్ చెయ్యకుండ్రి. పేరాల నంబర్లు గూడ మీరు కొట్టుడు లేదు. నడుమల ఒక పేరా పెట్టినా, తీసేసినా, కింది నంబర్లన్ని అవే సర్దుకుంటయి.”

నర్మద పేరాను రెండుగా విడగొట్టి చూపించింది. కింద ఉన్న అంకెలన్నీ ఒక్కసారిగా ఒక్కో మెట్టు జరిగాయి. లింగమూర్తి నోరు తెరుచుకుని చూశాడు. పాతికేళ్లుగా చించేసిన పేజీలన్నీ గుర్తుకొచ్చి ఉక్రోషం కూడా వచ్చింది. సాయంత్రం ఇంటికి పోయి భార్య అనసూర్యకు ఆ వింత చెప్పాడు.

“అంకెలు వాటంతట అవే జరుగుతున్నయే!”

“జరగనియ్యి. నువ్వు గూడ జర పక్కకు జరుగు, పొయ్యి మీద కూర మాడుతుంది” అంది ఆమె.

ఆరు నెలల్లో ఆయన ఆ మిషన్‌ను లొంగదీశాడు. రెండు అంచులూ గీత గీసినట్టు ఉండే పేజీలు, పేరాకూ పేరాకూ మధ్య ఒకే ఎడం. వాటిని చూసి మధుసూదన్‌రావు కన్నా లింగమూర్తే ఎక్కువ మురిసేవాడు.

ఆ చలికాలంలోనే బుచ్చవ్వ వచ్చింది. హుస్నాబాద్ వైపు పల్లె, ముప్పై అయిదేళ్లుంటాయి. ఆమె భర్త అంతయ్య ఆరేళ్లుగా సౌదీలో కూలి పని చేస్తూ నవంబర్‌లో గుండె ఆగి చనిపోయాడు. శవం అక్కడి ఆస్పత్రి ఐసు గదిలో రెండు నెలలుగా ఉంది. దాన్ని ఇంటికి పంపాలని ఆమె ఎవరి కాళ్లు పట్టుకోవాలో తెలియక తిరుగుతుంటే, అంతయ్య అన్న లచ్చయ్య ముందుగానే సౌదీలోని మన ఎంబసీకి ఒక కాగితం పంపేశాడు. బుచ్చవ్వ తన తమ్ముణ్ని కులపెద్దల ముందు ఎప్పుడో వదిలేసిందని, దగ్గరి మనిషిని తానేనని, అక్కడే పూడ్చిపెట్టడానికి ఆమెకు కూడా అభ్యంతరం లేదని దాని సారం. తమ్ముడి పొలం, కంపెనీ ఇచ్చేదేదో తన చేతికి రావాలంటే ఆమె భార్య కాకపోవాలి మరి. ఎంబసీ ఆఫీసువాళ్లు దాన్ని వెంటనే నమ్మలేదు. ఆమె స్టాంపు కాగితం మీద ఏం చెబుతుందో చూసి నిర్ణయిస్తామని రాశారు.

“నాకు గాయన పైసలొద్దు సారూ. ఒక్కపారి మొఖం జూస్త. మా పొలం గట్టు మీద పెట్టుకుంట. గంతే” అంది బుచ్చవ్వ. ఆమె ఏడవలేదు. రెండు నెలల్లో ఏడుపు ఎండిపోయినట్టుంది.

మధుసూదన్‌రావు మంచి వకీలే, అయితే మాటల్లో మహా పొదుపరి. ఎదుటివాడి ఆరోపణలను వేరే పేరాల్లో ఉన్నవి ఉన్నట్టు రాయించి, చివర ఒక్క వాక్యంతో “ఫలానా అంకె పేరాలు అబద్ధం” అని కొట్టేయడం ఆయన అలవాటు. ఆ రోజు ఇంగ్లీషులో ఆరు పేరాలు చెప్పాడు. ఒకటి, ఆమె పేరు, ఊరు. రెండు, పెళ్లి, భర్త సౌదీ పోవడం, చనిపోవడం. మూడు, నేనే అంతయ్య భార్యను, శవాన్ని మా ఊరికి పంపండి. నాలుగు, లచ్చయ్య చెప్పిన ప్రకారం నేను భర్తను వదిలేశాను. అయిదు, ఆయన చెప్పిన ప్రకారమే శవాన్ని అక్కడ పూడ్చడానికి నాకు అభ్యంతరం లేదు. ఆరు, పైన 4, 5 పేరాల్లో ఉన్నవి పచ్చి అబద్ధాలు, మిగతా పేరాలన్నీ నిజం.

లింగమూర్తి ప్రింటు తీశాడు. వకీలు చదివి బాగుందన్నాడు. లింగమూర్తి బుచ్చవ్వను ఎదురుగా కూర్చోబెట్టి, ఒక్కో పేరాకు తెలుగులో అర్థం చెప్పాడు. ఆమె వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ విన్నది.

“నాలుగు, అయిదు అబద్ధమని గట్టిగ రాసిన్రా సారూ?”

“గట్టిగనే రాసిన.”

“పెండ్లి ముచ్చట చిన్నగ రాసిన్రు. మా పెండ్లికి బావ లచ్చయ్యనే పెద్దమనిషి. పందిట్ల కూసొని అక్షింతలేసిండు. గిప్పుడు పెండ్లామే కాదంటుండు. గది రాయిన్రి.”

న్యాయమైన మాటే. లింగమూర్తి మళ్లీ కంప్యూటర్ ముందు కూర్చుని రెండో పేరాలో పెళ్లి ముచ్చట చేర్చాడు. అంతలో కరెంటు పోయింది. చేసిందంతా మళ్లీ మొదలు. కరెంటు వచ్చేసరికి నాలుగు దాటింది. అయిదింటికి నోటరీ వెళ్లిపోతాడు, ఆ రోజు పోకపోతే కాగితం మళ్లీ సోమవారమే. గబగబా కొట్టాడు. రెండో పేరా పెరిగి పేజీలో సగం దాకా వచ్చి బండలా నిలబడింది. వేలిముద్ర పడాల్సిన చోటు ఒంటరిగా రెండో పేజీకి జారింది. లింగమూర్తి అది ఓర్చుకునే మనిషి కాదు. పెళ్లి అయిపోయి సౌదీ మొదలైన చోట కర్సర్ పెట్టి ఎంటర్ కొట్టాడు. ఒక పేరా రెండయింది. కింది అంకెలు ముచ్చటగా జరిగాయి. లైన్ల మధ్య ఎడం కాస్త తగ్గించాడు. అంతా ఒకే పేజీలో ఒద్దికగా కుదిరింది.

ఆ రెండో ప్రింటును ఎవరూ చదవలేదు. వకీలు చదివింది మొదటిది, బుచ్చవ్వ విన్నదీ మొదటిదే. పెళ్లి ముచ్చట ఒక్కటి చేరింది, అది మంచిదేనని అందరూ అనుకున్నారు. చదివి వినిపించామన్న వాక్యం కింద మధుసూదన్‌రావు సంతకం చేశాడు. లింగమూర్తి ఆమె బొటనవేలు పట్టుకుని సిరా అద్ది, చెదరకుండా ముద్ర వేయించాడు. పేజీని దూరంగా పట్టుకుని చూసుకుని, మంచి కాగితం అనుకున్నాడు.

అయిదు వారాల తర్వాత బుచ్చవ్వ మళ్లీ వచ్చింది. లచ్చయ్యకు జాబు వచ్చిందట. అంతయ్యను అక్కడే పూడ్చేశారట. భార్యగా చెప్పుకుంటున్న ఆమే భార్యను కానని, పూడ్చడానికి అభ్యంతరం లేదని రాసిచ్చింది కాబట్టి అన్న కోరినట్టే చేశామని అందులో ఉందట.

“నేను గట్ల ఎప్పుడు రాసిన సారూ? మీరే గదా సదివి జెప్పిన్రు?”

అలా కానే కాదు, వాళ్లే ఏదో పొరపాటు పడ్డారు, ఇప్పుడే చూసి చెబుతానంటూ లింగమూర్తి బీరువాలోంచి కాపీ తీశాడు. నిలబడే చదవడం మొదలుపెట్టాడు. ఏడో పేరా దగ్గర ఆగి, వేలితో పై పేరాలను ఒక్కొక్కటే మళ్లీ లెక్కపెట్టాడు.

ఆరో పేరా ఏడోది అయింది. దాని లోపల “4, 5 అబద్ధం” అన్న అంకెలు మాత్రం అలాగే ఉన్నాయి. పేరాల ముందరి అంకెలు మిషన్ వేసినవి, అవి జరిగాయి. వాక్యంలోని అంకెలు లింగమూర్తి కొట్టినవి, వాటి జోలికి అది పోలేదు. ఇప్పుడు నాలుగో పేరా అంటే “నేనే అంతయ్య భార్యను, శవాన్ని మా ఊరికి పంపండి.” అది అబద్ధమని బుచ్చవ్వ ప్రమాణం చేసింది. భర్తను వదిలేసిందన్నది అయిదోది, అదీ అబద్ధమట. భార్యే కానప్పుడు వదలడమేమిటని చదివినవాళ్లు సరిపెట్టుకుని ఉంటారు. శవాన్ని అక్కడే పూడ్చడానికి అభ్యంతరం లేదన్నది ఆరోది. అది మిగతా పేరాల్లో చేరింది, అంటే నిజం.

“ఏమైంది సారూ?” అంది బుచ్చవ్వ.

“రేపు... రేపు వకీల్‌సాబ్‌ను అడిగి చెప్త” అన్నాడు లింగమూర్తి. అంతకన్నా పిరికి మాట ఆయన జీవితంలో అనలేదు. ఆమె నమ్మి వెళ్లిపోయింది.

మధుసూదన్‌రావు కాగితం రెండుసార్లు చదివాడు. తర్వాత లేచి తలుపు వేశాడు.

“లింగమూర్తీ, పూడ్చినోన్ని మనం తీసుకరాలేం. ఆమెకు ఇంగ్లీష్ రాదు. ఊళ్లె వచ్చినోడు లేడు. కింద నా సంతకం ఉన్నది, చదివి వినిపించినమని. నువ్వు నోరు తెరిస్తే ఇద్దరం బజార్ల పడుతం. నీ బతుకు నువ్వు చూసుకో.”

“వకీల్‌సాబ్, ఆమె రేపు వస్తది.”

“వస్తే, సౌదోళ్లు తప్పు చదివిన్రని చెప్పు.”

లింగమూర్తి తల ఊపి బయటికి వచ్చాడు. ఒప్పుకున్నాడా అంటే ఒప్పుకున్నాడు, ఆయన స్వభావమే అంత. మర్నాడు ఆమె వస్తుందని ఒంట్లో బాగాలేదని చెప్పి పనికి పోలేదు. మూడు రోజులు అలాగే దాక్కున్నాడు. నాలుగో రోజు అనసూర్య గట్టిగా నిలదీస్తే ఆ కాపీ ముందర పెట్టి అంతా చెప్పాడు. పొయ్యి దగ్గర మాటకు మాట తిప్పికొట్టే మనిషి, ఆ కాగితం చివరనున్న వేలిముద్రను దగ్గరికి తీసుకుని చూసింది.

“మొఖం జూస్తనన్నదా ఆమె?”

“అన్నది.”

“నువ్వు పోయి చెప్పు. చెప్పిందాక గీ ఇంట్ల నా చేతి బువ్వ తినకు.”

లింగమూర్తి ఆఫీసుకు పోయాడు. కాగితం అందిన తేదీ, పూడ్చిన తేదీ రాసిన జాబు కాపీ వకీలుకూ వచ్చి ఉంటే, అది చదివి కొత్త అఫిడవిట్ తయారుచేశాడు. ఈసారి ఎక్కడా అంకె వాడలేదు. ఏది అబద్ధమో ఆ మాట మొత్తం రాశాడు, ఏది నిజమో అదీ మొత్తం రాశాడు. పాతదీ కొత్తదీ సంచిలో పెట్టుకుని బుచ్చవ్వ ఊరికి బస్సెక్కాడు.

బస్సు ఆగిన చోట చాయ్ హోటల్ ముందు లచ్చయ్య పదిమందితో కూర్చుని ఉన్నాడు. బుచ్చవ్వ ఇల్లెక్కడని లింగమూర్తి అడిగేసరికి వాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పెండ్లాన్ని కానని రాసిచ్చి పైసలు తిన్నదని ఊరంతా అనుకుంటోంది. మొగుడు పోయిన ఆడదాని దగ్గర నలుగురు ఆడవాళ్లు కూర్చోవడం ఆ ఊళ్లో రివాజు. ఆమె గడప ఎవరూ తొక్కలేదు. దినాలు కూడా లచ్చయ్యే చేశాడు, ఆమెను పిలవలేదు. వాళ్ల నోట ఇదంతా విన్నాక లింగమూర్తి జీవితంలో మొదటిసారి పదిమంది ముందు గొంతు పెంచాడు.

“బుచ్చవ్వ గట్ల రాయలే! తప్పు నాది. నా కాయితంల అంకె తప్పింది.”

“ఎట్ల తప్పింది సార్? నువ్వు తప్పు గొట్టినవా?” అన్నాడు లచ్చయ్య.

“నేను సక్కగనే కొట్టిన. ఎంటర్ కొడితే నాలుగు అయిదైంది. దానంతట అదే జరిగింది.”

క్షణం సేపు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత లచ్చయ్య పకపకా నవ్వాడు, మిగతావాళ్లు అందుకున్నారు. “అంకెకు కాళ్లొచ్చినయట!” అన్నాడొకడు. కంప్యూటర్‌ను కళ్లతో చూసినవాడు ఆ గుంపులో ఒక్కడూ లేడు. లింగమూర్తి కాగితాలు తీసి చూపించబోయాడు. ఆ ఇంగ్లీషు ఎవరికి కావాలి?

ఒక ముసలాయన మాత్రం నవ్వలేదు. “అయ్యా, నా భూమి కేసుకు కాయితాలు కొట్టింది నువ్వే. ఇరవై ఏండ్లాయె. లింగమూర్తి కాయితంల అంకె తప్పదని నువ్వే నాకు పదిసార్లు చెప్పినవు. గిప్పుడు తప్పిందంటవు. గా బుచ్చవ్వ నీకేమిచ్చింది?” అన్నాడు.

పాతికేళ్లు కష్టపడి సంపాదించుకున్న పేరే లింగమూర్తి నోరు కట్టేసింది.

బుచ్చవ్వ ఇంటి ముందు కూర్చుని జొన్నలు చెరుగుతోంది. హోటల్ దగ్గరి నవ్వులు అక్కడి దాకా వినిపించే ఉంటాయి. లింగమూర్తి నేల మీదే కూలబడి, జరిగింది జరిగినట్టు చెప్పాడు. అర్థమయ్యేలా చెప్పడానికి జొన్నగింజలను వరసగా పెట్టి, నడుమ ఒకటి చేర్చి, కిందివి జరిపి చూపించాడు. ఆమె కళ్లార్పకుండా చూసింది. ఊరంతటికీ అర్థంకానిది ఆమెకు ఒక్కసారికే అర్థమైంది.

“పాత కాయితం సదువు సారూ.”

ఆయన చదివి తెలుగులో చెప్పాడు. నేను అంతయ్య భార్యననడం అబద్ధం, అక్కడే పూడ్చడానికి నాకు అభ్యంతరం లేదన్నది నిజం.

“గిది సౌదికి ఎన్నడు అందింది?”

“పది దినాలకు.”

“పూడ్సింది?”

“అందిన మూడో నాడు.”

బుచ్చవ్వ చేట పక్కన పెట్టింది. “అంటే నా కాయితం కోసమే గన్ని దినాలు ఉంచిన్రన్నట్టు. లచ్చయ్య బావ రాస్తె పూడ్వలే. నేను ముద్ర ఏసినంకనే పూడ్సిన్రు. నేను మీ తాన్కి రాకుంటె గాయన ఇంక ఉండేటోడే గదా సారూ?”

లింగమూర్తి ఏడ్చాడు. కాసేపటికి కళ్లు తుడుచుకుని కొత్త కాగితం, సిరా డబ్బా తీశాడు. నువ్వే భార్యవని ఇందులో స్పష్టంగా ఉంది, పొలం మీద నీ హక్కు పోకుండా పనికొస్తుంది, వితంతు పింఛనుకూ పనికొస్తుంది, ఒక్క ముద్ర వేస్తే తానే దగ్గరుండి అన్ని ఆఫీసులకూ తిరుగుతానన్నాడు.

బుచ్చవ్వ బొటనవేలిని పిడికిట్లో మూసుకుంది.

“మొఖం జూస్తనని ముద్ర ఏసిన. మన్ను ఏయించింది. ఇగ నా సేతిల ఉన్నదాన్ని ఎవ్వలికియ్య సారూ. నువ్వు పో.”

ఆయన బతిమాలాడు. ఆమె చేట మళ్లీ ఒళ్లోకి తీసుకుని, పిడికిలి తెరవకుండానే ఒక్క చేత్తో చెరగడం మొదలుపెట్టింది. లింగమూర్తి ఆ ఊరికి తర్వాత నాలుగేళ్లలో పదకొండుసార్లు పోయాడు. ప్రతిసారీ ఆమె మంచినీళ్లిచ్చింది, ఇంటామె ఎట్లున్నదని అడిగింది, వేలు మాత్రం ఇవ్వలేదు. పొలం లచ్చయ్య దున్నుకున్నాడు.